అక్క గొంతుకు తగిన ఆంప్లిఫైరు

అది తెలంగాణ వచ్చిన తర్వాత మూడో ఏడు, ఆషాఢమాసం చివరి గురువారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. పాలమూరులో ఒక మైకుసెట్టు దుకాణం ముందు ఆటోలోంచి నా గిటారును దించుతుంటే, మా బావ లోపలి గోడగడియారం చూసి ఆ టైము పైకి చదివాడు. మధ్యాహ్నం తిరుగు బస్సు తప్పిపోతుందని అతని భయం. నాకు బస్సు మీద ధ్యాస లేదు. ఆత్మకూరులో బస్సు ఎక్కినప్పటినుంచి ఆ గిటారు ఇనుప చట్రాన్ని మోకాళ్ళకు ఆనించి పట్టుకుని వచ్చాను. కాళ్ళు పట్టేశాయి. అక్క మాత్రం కొంగు సర్దుకుని, మా ఇద్దరికన్నా ముందే వెళ్ళి దుకాణం మెట్టు మీద కూర్చుంది.

బావ అంటే అక్క భర్త కాదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇతను వరుసకు బావ. మా వీధి భజన మండలికి పెద్ద, నూలు దుకాణం మనిషి. అక్కను వదినె అంటాడు. అక్క ఆ మండలిలో ముందుపాట పాడేది. పాటకు మైకు ఉండదు, ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. నాకు మీసాలు రాకముందు నుంచి ఆ చోటు ఆమెదే.

ఆ ఏడు ఎండాకాలంలో అక్కకు జ్వరం వచ్చి దవాఖానలో పడింది. లేచి వచ్చాక గొంతు మారిపోయింది. పోలేదు, కిందికి దిగింది. బొంగురుపోయి, ఒక్కో మాట వెనక ఊపిరి వినపడేది. మండలిలో గుసగుసలు మొదలయ్యాయి. వీధిలోకి కొత్తగా వచ్చిన కోడలు ఒకామె ఉంది, కీబోర్డు వాయిస్తూ పాడుతుంది, మంచి గొంతు. శ్రావణం నుంచి ఆమెతో ఎత్తిద్దామని బావ ఒకరోజు నా దగ్గరే అన్నాడు. తప్పు అక్క గొంతుది కాదు, నా గిటారు పెట్టెది అన్నాను నేను. మండలి కొనిచ్చిన ఆ ఆంప్లిఫైరు ఇనుప గేటు కీచుమన్నట్టు మోగుతుంది, ఎవరి గొంతునైనా కోసేస్తుంది, పెట్టె మార్చి చూద్దాం అన్నాను. అప్పటికీ ఆమె వినపడకపోతే నీ ఇష్టమన్నాను. బావ ఒప్పుకున్నాడు. సరైన పెట్టె దొరికితే అక్క చోటు అక్కకుంటుంది, దొరక్కపోతే పోతుంది. అక్కకు కూడా ఆ సంగతి తెలుసు. తెలిసే బస్సెక్కింది.

నా గిటారు సంగతి చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకు పాడే ఒక ఆర్కెస్ట్రావాళ్ళ దగ్గర హవాయి గిటారు నేర్చుకున్నాను. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఎడమచేత్తో తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించేది. పగలు మగ్గం, పెళ్ళిళ్ళ కాలంలో గిటారు. ముసలితనంలో మా అల్లుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. దూరదేశపు మనిషి ఒకడు అలాంటి గిటారే బల్లలాగా కాళ్ళ మీద నిలబెట్టి, కింద చెక్కలు తొక్కుతున్నాడు. తొక్కినప్పుడల్లా ఒక తీగ బిగుసుకుని స్వరం పైకి వంగుతోంది, వదిలితే దిగుతోంది. దాన్ని పెడల్ స్టీలు అంటారట. నేను చూసి నవ్వాను. చేతులు ఒక పని, కాళ్ళు ఒక పని. అది మగ్గమే కదా.

నా మగ్గం అప్పటికి ఆగిపోయి ఉంది. దాని తొక్కుడు చెక్కలే రెండు తీసి, వెల్డింగు దుకాణంలో ఇనుప చట్రం చేయించి, సైకిలు బ్రేకు వైర్లతో తీగలకు తగిలించాను. ఇంట్లో మగ్గం గుంత మీదే దాన్ని నిలబెట్టి, గుంతలోకి కాళ్ళు వేసుకుని వాయించేవాడిని. ఒక చిక్కు మాత్రం చాలాకాలం వదల్లేదు. నేతపనిలో ఒక కాలు దిగితే ఇంకో కాలు లేవాలి. యాభై ఏళ్ళు అలా తొక్కిన కాళ్ళు. గిటారుకు కొన్నిచోట్ల రెండూ కలిపి తొక్కి పట్టాలి. మనసు చెప్తుంది, కాళ్ళు వినవు. ఎడమది దిగగానే కుడిది దానంతటదే లేస్తుంది. స్వరం మధ్యలో తెగుతుంది. అక్క పక్కన కూర్చుని తిట్టేది.

"నువ్వు చీర నేస్తున్నవా, పాటకు తోడొస్తున్నవా? రెండు కాళ్ళు కింద ఉంచు జర."

ఆ తిట్లతోనే నేర్చుకున్నాను.

ఆ పొద్దున బస్సులో కండక్టరు ఆ చట్రం చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది పెద్దాయినా గిది, కుట్టుమిషనా?"

"గిటారు."

"గిటారుకు నాలుగు కాళ్ళెందుకయా?"

"నాకు నడుస్తానికి చాతనైతలేదు, గందుకే అది నడుస్తది" అన్నాను. బస్సంతా నవ్వింది. బావ నవ్వలేదు. గిటారు కాళ్ళు అతని కొత్త లాల్చీకి గ్రీజు అంటించాయి.

మైకుసెట్టు దుకాణం ఒక ముసలి భాయ్‌ది. జాతరలకు, పెళ్ళిళ్ళకు, ఎన్నికల ఆటోలకు సామాను కిరాయికి ఇచ్చేవాడు. పాత గాజువాల్వుల ఆంప్లిఫైర్లు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయని ఎవరో చెబితే వెళ్ళాం. వెనక గదిలోంచి మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిన్నది, నడిమిది, పెద్దది. పెద్దదాన్ని భాయ్, బావ ఇద్దరూ పట్టి మోశారు. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. నాకు తెలుగు అక్షరాలే అరవై దగ్గరపడ్డాక వచ్చాయి, ఆడవాళ్ళ కోసం పెట్టిన బడిలో వెనక కూర్చుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు జోలికి పోలేదు. ఏ బిరడా ఏమిటో భాయ్‌నే అడిగాను.

"ఇది ఆవాజ్, ఇది సన్నం, ఇది లావు. గంతే" అన్నాడు.

దుకాణంలో గుంత ఎక్కడిది? రెండు స్పీకరు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెట్టించుకుని వాటి మీద కూర్చున్నాను. వైరు పెట్టాడు. స్విచ్చి వేశాక ఆగాలి. గాజుబుడ్ల లోపల తీగ మెల్లగా ఎర్రబడుతుంది. అది ఎర్రబడేదాకా ఎంత మీటినా పలకదు. బావకు ఆ ఓపిక కూడా లేదు.

"కరెంటు లేదా భాయ్ నీ దుకాణంల?"

"ఉన్నది సేఠ్. పాత సామాను లేచి కూసుంటానికి జర టైం వడ్తది. నువ్వు లేవవా పొద్దుగాల ఒకటేసారి?"

మొదట చిన్నది. ఒక్క తీగ మీటితే తేనెలాగా ఉంది. నాకు లోపల ఆశ పుట్టింది. అక్క గొంతు చిన్నదైపోయింది కాబట్టి దానికి చిన్న పెట్టే సరి అని ఇంటి దగ్గర నుంచే అనుకుని వచ్చాను. మూడు తీగలు కలిపి మీటి, రెండు చెక్కలూ తొక్కాను. చర్రుమంది. గుడ్డ చిరిగినట్టు చిరిగింది శబ్దం. మళ్ళీ చూశాను. తీగలు బిగిసిన కొద్దీ చిరుగుతోంది.

భాయ్ మురిసిపోయాడు. "గా చర్ర్ కోసమే వస్తరు పట్నం పోరగాండ్లు. గిటార్లు వట్టుకొని వచ్చి ఇసువంటిదే కావాలె చాచా అంటరు."

"వాళ్ళకు కావాలె. నాకద్దు. చిరిగిన గుడ్డ నేనెన్నడు అమ్మలేదు."

"ఆవాజ్ తగ్గించుకో."

తగ్గించాను. చిరగడం ఆగింది, దాంతోపాటు స్వరం కూడా ఆగింది. కడ్డీ జరిపేలోపే చచ్చిపోతోంది. అప్పుడు నాకు అర్థమైంది, నా లెక్కే తప్పని. ఈ గిటారు స్వరం మీటాక చాలాసేపు బతకాలి, పొడుగ్గా సాగాలి, వంగాలి. చిన్న పెట్టెకు అది మోయలేని బరువు. బరువులు మోసే మనిషి చిన్న మూట పట్టుకుంటే ఆయాసపడడు. అలా పెద్ద పెట్టె ఉండాలి, అది తక్కువలో మోగాలి.

నడిమిది పెట్టారు. శబ్దం బాగానే ఉంది కానీ, నేను చేతులు తీసేసినా అది ఆగడం లేదు. లోపల కందిరీగల గూడు ఉన్నట్టు ఒకటే మూలుగు.

"జనంల అది వినొస్తదా?" అన్నాడు భాయ్.

అప్పటిదాకా మెట్టు మీద కూర్చున్న అక్క లోపలికి వచ్చింది. కళ్ళు మూసుకుని తన శ్రుతి పట్టుకుని ఒక్క ఆలాపన తీసింది. సగంలో ఆపేసింది.

"దాని శ్రుతి అది వట్టుకొని కూసున్నది తమ్మీ. పాట సాంతం నేను దీనితోని కొట్లాడాల్నా?"

బావకు విసుగొచ్చింది. "వదినెకు ఏ పెట్టె నచ్చది. పెట్టెలల్ల లేదు గడ్‌బడ్" అన్నాడు, గోడకేసి చూస్తూ. అక్క వినలేదో, విననట్టు ఉందో నాకు తెలియదు. నాకు మాత్రం అప్పుడే లేచి ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది. ఈ వయసులో ఇంత దూరం వచ్చి, ఒక బల్ల ముందు నిలబడి, యాభై ఏళ్ళు పాడిన మనిషి పాడగలదా లేదా అని పరీక్ష పెట్టడమేమిటి? అది పెట్టించింది కూడా నేనే.

ఎదురు హోటలాయన చాయ్ తెచ్చి ఇచ్చాడు. అదే టైముకు ఒక ఆడమనిషి వచ్చింది, పెద్దమ్మ తల్లి బోనాలకు మైకు కిరాయి మాట్లాడడానికి. భాయ్ ఆమెను కూర్చోమన్నాడు. ఆమె అక్క పక్కన కూర్చుంది.

పెద్దదాన్ని పెట్టారు. అది జాతరలో నాలుగైదు హారన్లకు పనిచేసిన పెట్టె. హారన్లకు బదులు ఒక మామూలు స్పీకరు తగిలించమన్నాను. మీటాను. రెండు చెక్కలూ తొక్కి పట్టాను. చిరగలేదు, మూలగలేదు. స్వరం లేచి, సాగి, నేను కాలు వదిలిన చోట దిగింది. నా మోకాళ్ళ నొప్పి కాసేపు మర్చిపోయాను.

"అక్కా, ఎత్తు" అన్నాను.

అక్క మేలుకొలుపు పాట ఎత్తుకుంది. అప్పుడు బావ గబగబా రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. మా దగ్గర మైకుసెట్టును అలాగే బేరం చేస్తారు. ఒకరు దుకాణంలో మాట్లాడతారు, కొనేవాడు రోడ్డు అవతల నిలబడి వింటాడు. వినపడితే చెయ్యి ఊపుతాడు, చాలకపోతే అరచెయ్యి పైకి లేపుతాడు. జాతర మైకుకు అది సరే. దగ్గర కూర్చుని వినాల్సిన దానికి కూడా అదే పద్ధతి అని మాకెవ్వరికీ అప్పుడు తప్పుగా తోచలేదు, నాకు కూడా.

బావ అరచెయ్యి లేపాడు. భాయ్ బిరడా తిప్పాడు. మళ్ళీ లేపాడు. మళ్ళీ తిప్పాడు. మధ్యలో లారీలు, ఆటోలు. మూడోసారి తిప్పేసరికి నా గిటారు తప్ప నాకే ఏమీ వినపడలేదు. తల ఎత్తి చూస్తే అక్క నోరు మూసుకుని కూర్చుంది. పాడడం ఆపేసింది. ఒడిలో చేతులు పెట్టుకుని రోడ్డు అవతలికి చూస్తోంది.

నేను కూడా అటు చూశాను. బావ తల ఊపుతున్నాడు. తొడ మీద తాళం వేస్తున్నాడు. కళ్ళు మూసుకుని ఊగుతున్నాడు.

నేను చేతులు తీసేశాను. బావ రోడ్డు దాటి నవ్వుతూ వచ్చాడు.

"బెహత్రీన్! ఇది గావాలె. వదినె, మస్తు పాడినవ్. ఇంక నాకు ఫికరే లేదు."

అక్క అతని మొహంలోకి చూసి నెమ్మదిగా అంది. "నేను పాడనే లేదు మరిదీ. నువ్వు తలకాయ ఊపుతున్నంత సేపు నేను నోరు మూసుకొనే ఉన్న."

బోనాల ఆడమనిషి ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవ్, నిజమే. పక్కనున్న నాకే ఎర్క" అంది. భాయ్ బిరడా మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"మరి లారీలు వోతున్నయ్ కదా..."

"మన భజన అర్ర ఎంత ఉంటది? ఈ మూలకెళ్ళి ఆ మూలకు నాలుగు చాపలు. నువ్వు రోడ్డు అవుతల నిలవడి ఎవ్వరి పాట వింటున్నవ్? ఆ లారీ డ్రైవర్లకు వినవడాల్నా నేను?"

"భజన బజారుకు వినవడాలె వదినె. లేకుంటే ఎవరొస్తరు?"

"వచ్చినోళ్ళు వింటే చాలు. ఇటు రా. కూసో. గిక్కడ."

నేల మీద చెయ్యి పెట్టి చూపించింది. అతను లాల్చీ చూసుకున్నాడు, నేల చూసుకున్నాడు, చివరకు కూర్చున్నాడు. అక్క లేచి వెళ్ళి భాయ్ చేతిని పక్కకు జరిపి, ఆవాజ్ బిరడాను తనే వెనక్కి తిప్పింది. బాగా వెనక్కి తిప్పింది. ఆ పెట్టె అంత తక్కువలో మోగితే నవ్వులపాలవుతుందని భాయ్ గొణిగాడు.

"తమ్మీ, వాయించు. నేను చెప్తే తప్ప పెంచద్దు" అని, బల్ల పక్కనే నిలబడి, ఒక చెయ్యి ఆ బిరడా మీదే ఉంచి పాట ఎత్తుకుంది.

ఆ గొంతును ఏమని చెప్పను? మంచి గొంతు కాదు అది. గరుకుగా, అరిగిపోయినట్టు ఉంది. కానీ నా గిటారు దాని కింద చాప పరిచినట్టు ఉండి, ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ లేచి, మళ్ళీ మాట రాగానే అణిగేది. నేను అణిచింది కొంత, అక్క బిరడా తిప్పింది కొంత. ఒక పైస్వరం దగ్గర ఆమె గొంతు అందుకోలేదు. ఆమె ఆగలేదు, ఆ మాటను పాడకుండా మాట్లాడినట్టు అనేసి ముందుకు వెళ్ళింది. బోనాల ఆడమనిషి రెండో చరణం నుంచి అందుకుంది. ఆమెకు ఆ పాట ఎలా తెలుసో నేను అడగలేదు. చాయ్ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన హోటలాయన గ్లాసులు పట్టుకునే నిలబడ్డాడు.

బావ ఈసారి తల ఊపలేదు. నేల చూస్తూ విన్నాడు.

"వినొచ్చిందా?" అని అడిగింది అక్క.

"వినొచ్చింది."

"ఎవరు పాడిన్రు?"

"ఎందుకు వదినె ఎక్కిరిస్తవ్? నువ్వే."

"అయితే ఒక మాట. నా గొంతు పోయిన్నాడు నేనే చెప్త. నేను చెప్పేదాక మీరెవ్వరు చెప్పద్దు. నా ముందల గాదు, నా తమ్మునితోని చాటుకు గూడ గాదు."

బావ నా వైపు చూశాడు. నేను వైరు చుట్టుకుంటున్నాను, అతనికి సాయం రాలేదు. "సరే వదినె. నువ్వు చెప్పేదాక నీదే" అన్నాడు. అక్క చెయ్యి చాచింది. అతను అరచేతిలో అరచెయ్యి వేశాడు.

పెద్దదాన్నే తీసుకున్నాం. మధ్యాహ్నం బస్సు ఎప్పుడో పోయింది. ఆ బరువు పెట్టెతో, గిటారుతో సాయంత్రం బస్సు దాకా బస్టాండులో కూర్చున్నాం. అక్క నా మూట మీద తల పెట్టి పడుకుంది. ఇంటికి చేరాక రెండు రోజులు నేను లేవలేదు.

శ్రావణం మొదటి శనివారం నుంచి ఆ పెట్టె అక్క పక్కనే ఉండేది, బిరడా ఆమె చేతి కింద. తాళాలు కొట్టడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు కాబట్టి తాళాలు బావకు ఇచ్చింది. పాపం, అతను లయ తప్పేవాడు. "మరిదీ, చేతులు వడిపోయినయా?" అని పాట మధ్యలోనే అనేది. జనం తగ్గారు, నిజం. బయట బజారుకు వినపడక కొందరు రావడం మానేశారు. వచ్చినవాళ్ళు దగ్గరికి జరిగి కూర్చునేవాళ్ళు.

రెండేళ్ళ తర్వాత కార్తీకంలో ఒక సోమవారం, పాట ముగించి హారతి కళ్ళకద్దుకుని, "ఇగ చాలు. పోయింది" అంది. ఆమే ఆ కీబోర్డు కోడలిని పిలిచి తన చాప మీద కూర్చోబెట్టింది. నేను కూడా ఆ రోజుతోనే మానేశాను. కాళ్ళు ఇక రెండూ కలిసి దిగడం లేదు. అక్క ఇప్పటికీ మండలికి వెళ్తుంది, గోడకు ఆనుకుని వింటుంది, పాడదు.

ఇప్పుడు మా వీధిలో రెండు మాటలు తిరుగుతున్నాయి. ముసలిదాన్ని మండలివాళ్ళు దింపేశారని ఒకటి. తమ్ముడు గిటారు మోత పెట్టి ఆమె గొంతును తొక్కేశాడని ఇంకొకటి. కనపడ్డవాళ్ళకల్లా కాదని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. అక్కను అడగమంటే ఆమె నవ్వి ఊరుకుంటుంది. అందుకే కూర్చుని రాశాను. ఆమెను ఎవరూ దింపలేదు. దిగే రోజు తనే చెప్పుకుంటానని మాట తీసుకుంది, ఆ మాట నిలబడింది.

ఆ మాట ఇచ్చినప్పుడు పాలమూరు దుకాణంలో ఉన్నవాళ్ళు వీళ్ళు: బల్ల వెనక నిలబడ్డ మైకుసెట్టు భాయ్, బోనాలకు మైకు అడగడానికి వచ్చి రెండో చరణం అందుకున్న ఆడమనిషి, చాయ్ గ్లాసులు చేతిలో పట్టుకున్న ఎదురు హోటలాయన, నేల మీద కూర్చున్న మా బావ, మా అక్క, నేను.